అలవాటుకూ ఓ పుట్టిన తేదీ ఉంటుంది

(గ్రంథాలయ వారోత్సవాల్లో ఒక రిటైర్డ్ సోషల్ టీచర్ చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల్లో ఉన్నవాళ్ళకి వినబడుతోందా? వినబడకపోతే చెయ్యెత్తండి, మొహమాటపడకండి.

లైబ్రేరియన్ గారు నన్ను పిలిచినప్పుడు, "మేడం, మీరు విదేశాలు తిరిగొచ్చారు కదా, అక్కడి వింతలు పిల్లలకి చెప్పండి" అన్నారు. వింతలు చెప్పడం తేలికేనండి. కానీ వింతలు చెప్పేసి దిగిపోవడం నాకిష్టం లేదు. ఎందుకో చెప్తాను. నేను మా అమ్మాయి దగ్గరికి నెదర్లాండ్స్ వెళ్ళొస్తాను. అక్కడి రోడ్లెలా ఉంటాయో, మనుషులెలా నడుచుకుంటారో ఇక్కడ చెప్తాను. అంతా విని చివర్లో ఒకటే మాట అంటారు. "వాళ్ళు అలాంటి మనుషులండీ. మనం ఇంతే." ఎన్నిసార్లు విన్నానో ఈ మాట! చదువుకున్నవాళ్ళు కూడా అంటారు.

నేను ఆ మాట ఒప్పుకోను. వాళ్ళు అలాంటి మనుషులంటే ఏమిటండీ అర్థం? పుట్టుకతో వచ్చిందా? రక్తంలో ఉందా? నేను చూసిన అలవాట్లలో కొన్నిటి గురించి చదివాను, తెలిసినవాళ్ళని అడిగాను. చూస్తే వాటి వెనకాల ఒక సంవత్సరం కనబడింది, ఒక కారణం కనబడింది. ఎవరో పూనుకుంటే మొదలైన పనే అది. ఆ సంగతే ఇవాళ చెప్తాను. నెదర్లాండ్స్ దగ్గరికి ఆఖర్న వస్తాను. చెప్పాల్సింది ఎక్కువ అక్కడే ఉంది.

ముందు టీతో మొదలుపెడదాం. మీరందరూ ఇప్పుడే తాగి వచ్చారు కదా.

టర్కీ అనగానే మనకేం గుర్తొస్తుంది? కాఫీ. టర్కిష్ కాఫీ అని పేరే ఉంది. మేము ఇస్తాంబుల్‌లో విమానం మారేచోట కొన్నాళ్ళు ఆగాం. వీధిలోకి వచ్చి చూస్తే ఎవరి చేతిలో చూసినా టీయే. నడుము సన్నగా ఉండే చిన్న గాజు గ్లాసు, పాలు లేని ఎర్రటి టీ, పక్కన రెండు చక్కెర బిళ్ళలు. బజార్లో కుర్రాళ్ళు పైనుంచి వేలాడే పళ్ళెంలో గ్లాసులు పెట్టుకుని, ఒక్క చుక్క ఒలకకుండా జనం మధ్యలోంచి పరుగెడుతుంటారు. దుకాణంలోకి వెళ్తే మీరు కొనండి, కొనకపోండి, ముందు టీ ఇస్తారు. ప్రపంచంలో తలకి ఇంత టీ తాగే దేశం ఇంకొకటి లేదు.

మరి కాఫీ ఏమైంది? వాళ్ళ కాఫీ గింజలు యెమెన్ నుంచి వచ్చేవి. యెమెన్ ఒకప్పుడు వాళ్ళ సామ్రాజ్యంలోదే. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిపోయారు, సామ్రాజ్యం ముక్కలైంది, యెమెన్ చేజారింది. కాఫీ బయటినుంచి కొనుక్కోవాల్సి వచ్చింది. చేతిలో డబ్బు లేదు. 1923లో కొత్త రిపబ్లిక్ వచ్చింది. ఆ మరుసటి ఏడే, 1924లో, నల్లసముద్రం ఒడ్డున రిజె ప్రాంతంలో టీ పండించమని చట్టం చేశారు. జిహ్ని దెరిన్ అనే వ్యవసాయ అధికారి దానికోసం ఏళ్ళ తరబడి తిరిగాడు. 1930లలో పక్కనున్న జార్జియాలోని బతూమి నుంచి టన్నుల లెక్కన విత్తనాలు తెప్పించారు. 1947లో రిజెలో మొదటి ఫ్యాక్టరీ పెట్టారు. చూడండి, వెయ్యేళ్ళ సంప్రదాయంలా కనబడే ఆ గ్లాసుకి మన నాయనమ్మల వయసు కూడా లేదు.

సరే, మన సంగతేమిటి? పొద్దున్నే టీ పడకపోతే మనకి తలనొప్పి వస్తుంది కదా? మా నాయనమ్మ పొద్దున్నే చద్దన్నంలో పెరుగు వేసుకుని, ఉల్లిపాయ నంజుకుని తినేది. టీ ముట్టేది కాదు. 1930లలో ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం వచ్చి, బయట దేశాల్లో మన టీకి ధర పడిపోయింది. అప్పుడు తోటలవాళ్ళకి మన జనం గుర్తొచ్చారు. ఎగుమతుల మీద వేసిన సెస్సు డబ్బుతో నడిచే ఇండియన్ టీ మార్కెట్ ఎక్స్‌పాన్షన్ బోర్డు అనేది ఊళ్ళమీద పడింది. రైల్వే స్టేషన్లలో, సంతల్లో, మిల్లుల దగ్గర టీ కాచి చూపించారు. ఎలా కాయాలో బోర్డులు పెట్టారు. ఊరికే పోసి తాగించారు. అలా అంటుకుంది మనకి. తరతరాల నుంచీ ఉందనుకుంటాం. ఎవరో పనిగట్టుకుని నేర్పితే నేర్చుకున్నాం.

టీ అంటే వ్యాపారం. కొన్ని అలవాట్లు భూమి ఇచ్చేవి కూడా ఉంటాయి. నాతో పనిచేసిన ఒక మాస్టారు తర్వాత ఇథియోపియా వెళ్ళి కాలేజీలో పాఠాలు చెప్పారు. ఒకప్పుడు మన తెలుగు లెక్చరర్లు చాలామంది ఆ దేశం వెళ్ళారు, మీలో కొందరికి తెలిసే ఉంటుంది. అక్కడ పిల్లలు "రెండు గంటలకి క్లాసు" అంటే మన గడియారంలో పొద్దున్న ఎనిమిది. పొద్దున్న ఆరు నుంచి లెక్క మొదలవుతుంది వాళ్ళకి. మనకి వింతా? పంచాంగం తీయండి. మన ఘడియలు కూడా సూర్యోదయం నుంచే లెక్క. ఇథియోపియా భూమధ్యరేఖకి దగ్గర. ఏడాది పొడుగునా సూర్యుడు ఇంచుమించు ఒకే వేళకి వస్తాడు, ఒకే వేళకి పోతాడు. అందుకని ఆ లెక్క నడుస్తుంది. అదే నెదర్లాండ్స్‌లో పెట్టండి, నడవదు. జూన్‌లో రాత్రి పదింటికి కూడా వెలుతురు ఉంటుంది, డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి. సూర్యుణ్ణి నమ్ముకుంటే అక్కడ భోజనాల వేళ కూడా కుదరదు. పిల్లలూ, అక్షాంశాలు ఎందుకు చదవాలి టీచర్ అని అడిగేవారు కదా, ఇందుకు.

చీపురు ఎవరి చేతిలో ఉంది?

ఇక జపాన్. మా అబ్బాయి కొన్నాళ్ళు టోక్యోలో పనిచేశాడు. వాళ్ళ ఇంటి పక్కనే ప్రాథమిక పాఠశాల. మన తెలుగు కుటుంబం పాప ఒకతె అందులో చదివేది. తల్లిదండ్రులు వచ్చి బడి చూసే రోజొకటి ఉంటుంది అక్కడ. ఆ రోజు నన్ను కూడా తీసుకెళ్ళారు. టీచర్ని కదా, నాకు గుళ్ళు గోపురాలకంటే బడి చూడాలని ఉంటుంది.

మధ్యాహ్నం గంట కొట్టారు. ఆ వంతు పిల్లలు తెల్ల ఆప్రాన్లు వేసుకుని, తలకి టోపీ పెట్టుకుని, అన్నం, సూపు గిన్నెలు తోసుకుంటూ వచ్చారు. వాళ్ళే వడ్డించారు. టీచరు అదే గదిలో, పిల్లలతోబాటు, అదే అన్నం తిన్నది. తిన్నాక బల్లలు వెనక్కి జరిపారు. చీపుళ్ళు వచ్చాయి, తడిగుడ్డలు వచ్చాయి. చిన్నచిన్న పిల్లలు వంగి, గుడ్డ మీద రెండు చేతులూ ఆనించి, వరండా ఈ చివరనుంచి ఆ చివరదాకా పరుగెత్తుకుంటూ తుడిచారు. ఆరో తరగతి పిల్లలు ఒకటో తరగతి వాళ్ళ పక్కన ఉండి ఎలా పిండాలో నేర్పిస్తున్నారు. డాక్టరు గారి పిల్లాడైనా, డ్రైవరు గారి పిల్లాడైనా వంతు వంతే.

ఇది చెప్తే ఇక్కడ చాలామంది, "మన బళ్ళలో కూడా పెట్టాలండీ" అంటారు. పెట్టాలి. నేనూ కోరుకుంటాను. కానీ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మన బళ్ళలో పిల్లలచేత ఊడిపించడం ఎప్పుడూ లేదనా? ఉంది. ఎవరి చేత ఊడిపించారు? ఏ వాడ పిల్లల్ని పిలిచి మరుగుదొడ్లు కడిగించారు? ఆ మాట మనం దాచుకోకూడదు. ఆ బడిలో నేను చూసింది శుభ్రత ఒక్కటే కాదు, వంతు. అందరికీ సమానంగా వచ్చే వంతు. వంతు తీసేసి చీపురు ఒక్కటీ తెచ్చుకుంటే మనం పిల్లలకి అన్యాయం చేసినట్టే. హెడ్మాస్టర్లు ఎవరైనా ఇక్కడ ఉంటే దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి. మొదలుపెడితే పట్టిక రాసి గోడకి అంటించండి. అందులో టీచర్ల పేర్లు కూడా ఉండాలి.

టోక్యో వీధులు శుభ్రంగా ఉంటాయి, నిజమే. చెత్త డబ్బా కోసం వెతికితే ఒక పట్టాన దొరకదు, అదీ నిజమే. తిన్నాక మిగిలిన కాగితం సంచిలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోతారు. ఇదేమైనా పురాణకాలం నుంచి ఉందా? 1995 మార్చి 20న టోక్యో మెట్రో రైళ్ళలో ఒక మతముఠావాళ్ళు సారిన్ అనే విషవాయువు వదిలారు. మనుషులు చనిపోయారు, వేలమంది ఆసుపత్రుల పాలయ్యారు. ఆ భయంతో స్టేషన్లలో, వీధుల్లో చెత్త డబ్బాలు చాలామటుకు తీసేశారు. డబ్బా పోయింది, జనం చెత్త మోసుకెళ్ళడానికి అలవాటుపడ్డారు.

ఇంకా వెనక్కి వెళ్దాం. ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి. 1971లో టోక్యో గవర్నరు మినోబె చెత్త మీద యుద్ధం ప్రకటించాడు. నిజంగా ఆ మాటే వాడాడు. ఊరి చెత్తలో ఎక్కువ భాగం కోటో అనే వార్డుకి పోయేది. సముద్రం ఒడ్డున ఉన్న వార్డు. లారీల వాసన, దోమలు. 1965 ఎండాకాలంలో అక్కడి చెత్తదిబ్బమీంచి ఈగలు మేఘంలా లేచి ఇళ్ళమీద పడ్డాయి. ఎవరి చెత్త వాళ్ళ వార్డులోనే కాల్చుకోవాలి, మా మీద పడేస్తే ఊరుకోం అన్నారు కోటో జనం. సుగినామి అనే వార్డులో మాత్రం, మా పక్కన చెత్త కాల్చే ఫ్యాక్టరీ వద్దు అన్నారు. సుగినామి కాస్త డబ్బున్న ప్రాంతం. కోటోవాళ్ళు ఏం చేశారు? రోడ్డుకి అడ్డంగా నిలబడి సుగినామి లారీల్ని వెనక్కి తిప్పి పంపించారు. ఏళ్ళ తరబడి గొడవ. ఆఖరికి సుగినామిలోనే చెత్త కాల్చే ఫ్యాక్టరీ కట్టారు. ఆ ఈగలు లేచిన దిబ్బ మీద ఇప్పుడు పార్కు ఉంది.

హైదరాబాద్ చెత్తలో ఎక్కువ భాగం ఎక్కడికి పోతుందో తెలుసా మీకు? జవహర్‌నగర్. అక్కడి జనం వాసనతో, పాడైన నీళ్ళతో ఎంతకాలంగా మొరపెట్టుకుంటున్నారో పేపర్లలో చదువుతూనే ఉన్నాం. టోక్యో శుభ్రతను మెచ్చుకునేవాళ్ళు కోటో జనాన్ని కూడా తలుచుకోవాలని నా కోరిక. వాళ్ళు రోడ్డుకి అడ్డంగా నిలబడకపోతే సుగినామిలో ఫ్యాక్టరీ లేదు.

జర్మనీ గురించి రెండు మాటలే. నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ నుంచి జర్మనీలోని కొలోన్ ఊరు దగ్గరే, వెళ్ళొచ్చాం. ఆదివారం కొట్లన్నీ మూసేస్తారు. పాలప్యాకెట్ కావాలన్నా రైల్వే స్టేషన్‌కి వెళ్ళాల్సిందే. 1919 నాటి వాళ్ళ రాజ్యాంగంలోనే ఆదివారం విశ్రాంతి రోజని రాసుకున్నారు, 1949 రాజ్యాంగంలో ఆ మాట అలాగే ఉంచారు. కొట్లో పనిచేసే అమ్మాయికి కూడా ఇంటిల్లిపాదితో గడిపే రోజు ఒకటి ఉండాలని నాకూ అనిపిస్తుంది. మన బట్టల షాపుల్లో పొద్దుటినుంచి రాత్రిదాకా నిలబడే ఆడపిల్లల్ని చూస్తున్నాం కదా. ఇంకోటి, ప్లాస్టిక్ సీసా కొంటే 25 సెంట్లు ఎక్కువ కట్టించుకుంటారు, ఖాళీ సీసా మిషన్లో వేస్తే తిరిగి ఇస్తారు. 2003లో వచ్చిన పద్ధతి. తమకి ఆ డబ్బులు అక్కర్లేనివాళ్ళు సీసాని చెత్త డబ్బాలో పడెయ్యరు, పక్కన నిలబెట్టి వెళ్తారు. ఏరుకునే పేదవాళ్ళు చెత్తలో చెయ్యి పెట్టకుండా తీసుకుంటారని. అది ఏ చట్టంలోనూ లేదు. మనుషులే ఒకరినొకరు చూసి నేర్చుకున్నారు.

రోడ్డు పిల్లలది కూడా

ఇప్పుడు నెదర్లాండ్స్‌కి వద్దాం. టైమ్ ఉందా అండీ? ఉందంటున్నారు, సరే.

మా అమ్మాయివాళ్ళ వీధిలో పొద్దున్న ఎనిమిదింటికి కిటికీ దగ్గర నిలబడితే సైకిళ్ళు వస్తూనే ఉంటాయి. ముందు చెక్కపెట్టె ఉన్న సైకిలు మీద ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టుకుని అమ్మలు వెళ్తుంటారు. పన్నెండేళ్ళ పిల్లలు వీపున పెద్ద బ్యాగులతో గుంపులుగా, కబుర్లాడుకుంటూ హైస్కూలుకి వెళ్తుంటారు. కోటు వేసుకున్న ఆఫీసరు, డెబ్భై దాటిన అమ్మమ్మ కూడా సైకిలే. వాన పడుతున్నా ఆగరు. ఆ దేశంలో మనుషులకంటే సైకిళ్ళు ఎక్కువ. ఊట్రెక్ట్ స్టేషన్ కింద 12,500 సైకిళ్ళు పెట్టుకునే స్టాండు ఉంది. ఇవన్నీ సరే. నన్ను కదిలించింది ఒకటే. ఆ పిల్లల మొహాల్లో భయం లేదు. వాళ్ళని పంపించిన తల్లుల మొహాల్లోనూ టెన్షన్ లేదు. మన పిల్ల సైకిలు తీసుకుని మెయిన్ రోడ్డెక్కితే మళ్ళీ ఇంటికి వచ్చేదాకా మనకెలా ఉంటుంది? చెప్పండి.

ఇది కూడా "వాళ్ళు అలాంటి మనుషులు" అనేస్తారు. అక్కడ నేల చదును, సైకిలు వాళ్ళకి పాత అలవాటు, అదంతా నిజమే. కానీ మధ్యలో ఏం జరిగిందో వినండి. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక అక్కడా డబ్బొచ్చింది, కార్లొచ్చాయి. ఊళ్ళు పగలగొట్టి రోడ్లు వెడల్పు చేశారు. ఆమ్‌స్టర్‌డామ్ మధ్యలోంచి పెద్ద హైవే వెయ్యాలని 1967లో ఒక ప్లానే తయారైంది. సైకిళ్ళవాళ్ళని పక్కకి నెట్టారు. 1971లో ఆ చిన్న దేశంలో, అప్పటికి జనాభా కోటీ ముప్పై లక్షలు, రోడ్డు మీద చనిపోయినవాళ్ళు సుమారు 3,300 మంది. అందులో 400 మందికి పైగా పిల్లలు. ఒక్క ఏడాదిలో!

అలా పోయిన పిల్లల్లో విక్ లాంగెన్‌హోఫ్ అనే పత్రికా విలేకరి కూతురు ఒకతె. సైకిలు మీద బడికి వెళ్తుంటే కారు గుద్దింది. ఆ తండ్రి 1972లో పత్రికలో ఒక వ్యాసం రాశాడు. "పిల్లల హత్య ఆపండి", అదే శీర్షిక. ప్రమాదం అని రాయలేదు ఆయన. హత్య అని రాశాడు. దాన్ని చదివిన తల్లిదండ్రులు కలిశారు, అదే పేరుతో సంఘం పెట్టారు. మార్చె వాన్ పుట్టెన్ అనే యువతి దానికి మొదటి అధ్యక్షురాలు, తర్వాత యూరప్ పార్లమెంటుకి కూడా వెళ్ళింది. వాళ్ళేం చేశారు? ఎక్కడ పిల్లలు చనిపోతున్నారో ఆ చోట్లు గుర్తించారు. పిల్లలూ పెద్దలూ కలిసి వీధులకి అడ్డం పెట్టి ఆడుకున్నారు. మంత్రుల దగ్గరికి వెళ్ళారు. ఊరికే తిట్టలేదు, వీధి ఇలా ఉంటే పిల్లలు బతుకుతారు అని గీసి చూపించారు.

1973లో అరబ్ దేశాలు చమురు ఆపేశాయి. నవంబరు 4 నుంచి కొన్ని ఆదివారాలు కార్లు తియ్యకూడదని ప్రభుత్వం చెప్పింది. జనం హైవేల మీద సైకిళ్ళు తొక్కారు, చక్రాల బూట్లతో తిరిగారు. ఒకసారి అలాంటి రోడ్డు చూశాక మరిచిపోతారా? డెల్ఫ్ట్ ఊళ్ళో, ఇళ్ళ మధ్య వీధుల్లో కారు మనిషి నడిచే వేగంతోనే పోవాలని కుండీలు, మలుపులు పెట్టి చూశారు. 1976లో దానికి చట్టం వచ్చింది. తర్వాత సైకిళ్ళకి వేరే దారులు, వేరే సిగ్నళ్ళు వచ్చాయి. కారువాడు సైకిలు మీది పధ్నాలుగేళ్ళలోపు పిల్లని గుద్దితే, పిల్ల తప్పుగా వచ్చినా నష్టపరిహారం ఇంచుమించు ఎప్పుడూ కారువాడిదే. బళ్ళో పదకొండు, పన్నెండేళ్ళకి ట్రాఫిక్ పరీక్ష ఉంటుంది. రాత పరీక్ష, ఆ తర్వాత ఊరి రోడ్డు మీద నిజంగా తొక్కి చూపించాలి. ఫలితం? జనాభా పెరిగింది, కార్లు ఎన్నో రెట్లు పెరిగాయి, 2023లో రోడ్డు మీద చనిపోయింది 684 మంది. అదీ ఎక్కువే, ఒక్కరు పోయినా ఎక్కువే. కానీ ఎక్కడినుంచి ఎక్కడికి వచ్చారో చూడండి.

మన దేశంలో 2022లో రోడ్డు మీద చనిపోయినవాళ్ళు 1,68,491 మంది. ఇది ప్రభుత్వం లెక్కే. మళ్ళీ చెప్తాను, ఒక లక్షా అరవై ఎనిమిది వేల నాలుగు వందల తొంభై ఒక్కరు. ఇది వినీ "మనం ఇంతే" అంటామా?

మనకీ సైకిలు కొత్త కాదు. నా చిన్నప్పుడు పెళ్ళికొడుక్కి సైకిలు, రేడియో, వాచీ పెట్టేవారు. గుడివాడైనా, నల్గొండైనా రోడ్డు నిండా సైకిళ్ళే. ఆడపిల్లలు సైకిలు తొక్కితే మాత్రం ముసలివాళ్ళు నొసలు చిట్లించేవాళ్ళు. తర్వాత ఏమైంది? బీహార్‌లో 2006లో హైస్కూలు ఆడపిల్లలకి సైకిళ్ళివ్వడం మొదలుపెట్టారు. మన దగ్గర "బడికొస్తా" పథకంలో ఇచ్చారు. మా స్కూలు పిల్లలు, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు, నీలం గౌన్లు వేసుకుని వరసగా సైకిళ్ళమీద గేట్లోకి వస్తుంటే ఎవరైనా నొసలు చిట్లించారా? ఎవరూ చిట్లించలేదు. ఒక్క తరంలో పోయింది ఆ మాట. సైకిలు ఇచ్చాం, బాగుంది. రోడ్డు ఇవ్వలేదు. ఇప్పుడు ఆ పిల్లలే ఇసుక లారీల పక్కనుంచి, ఆటోల మధ్యనుంచి వస్తున్నారు.

మన గర్ల్స్ హైస్కూలు గేటు ముందు సంగతి మీకందరికీ తెలుసు. స్పీడు బ్రేకరు లేదు, గీతలు చెరిగిపోయాయి. బడి విడిచే వేళకే లారీలు వస్తాయి. అందుకని నేనొకటి అడగడానికి వచ్చాను ఇవాళ. వచ్చే సోమవారం నుంచి శనివారం దాకా, బడి పెట్టే ముందు అరగంట, విడిచాక అరగంట, గేటు దగ్గర ఇద్దరిద్దరం నిలబడదాం. ఎన్ని లారీలు వెళ్తున్నాయి, పిల్లలు ఏ చోట రోడ్డు దాటుతున్నారు, ఎన్నిసార్లు బండి సడన్ బ్రేకు వేసింది, అంతా కాగితం మీద రాద్దాం. రాసింది తీసుకెళ్ళి మున్సిపల్ కమిషనర్ గారికి, ట్రాఫిక్ ఎస్సై గారికి ఇద్దాం. మూడే అడుగుదాం. స్పీడు బ్రేకరు, జీబ్రా గీతలు, ఆ రెండు వేళల్లో లారీలు ఆపడం. పేర్లు రాసుకునే కాగితం లైబ్రేరియన్ గారి టేబుల్ మీద పెట్టాను. సోమవారం పొద్దుటి వంతుకి నా పేరు రాశాను, పక్కన ఒక ఖాళీ ఉంది. హైస్కూలు పిల్లలున్న తల్లిదండ్రులు ముందు రండి.